తలదాచుకునే చోటుకి పేరేమిటి?

డెన్ అనే ఇంగ్లీషు మాట తెలుగువాళ్ళ నోట్లోకి రెండు దారుల్లో వచ్చింది. ఒకటి సినిమా దారి. ఎనభైల్లో నేల టిక్కెట్టు కొనుక్కుని సినిమాలు చూసిన మా తరానికి డెన్ అంటే విలన్ కాపురముండే చోటు. గోడ మీద మీట నొక్కితే పుస్తకాల బీరువా పక్కకి జరుగుతుంది. లోపల ఎర్రదీపాలు వెలిగి ఆరుతూ ఉంటాయి. ఖాళీ పీపాలు, అట్టపెట్టెలు, గుండ్రంగా తిరిగే కుర్చీ, ఓ మూల స్తంభానికి కట్టేసిన హీరోగారి తల్లి. రెండోది రాజకీయాల దారి. 1940ల్లో కమ్యూనిస్టు పార్టీ కార్యకర్తలు పోలీసుల కంట పడకుండా తలదాచుకున్న ఇళ్ళని డెన్లు అన్నారు. ఆ డెన్లలో మీటలూ లేవు, ఎర్రదీపాలూ లేవు. ఓ అద్దె ఇల్లు, ఓ పొయ్యి, ఇరుగుపొరుగు అడిగితే చెప్పడానికి అల్లుకున్న ఓ కథ, ఆ కథని తడబడకుండా చెప్పగల ఒక ఇల్లాలు. అంతే.

ఇంగ్లీషులో ఆ మాటకి అసలర్థం అడవి జంతువు పడుకునే గుహ. మన విలన్లకి అది అతికినట్టు సరిపోయింది. వేటాడబడుతున్న మనిషికీ సరిపోయింది. వేటాడేవాడూ వేటకి గురైనవాడూ ఒకే మాట కింద తలదాచుకోవడం విచిత్రమే.

ఈ మాటల గొడవ నాకెందుకు పట్టిందో చెప్పాలి. నేను ఉండేది ఐర్లండ్ నడిబొడ్డున ఉన్న పోర్ట్‌లీష్‌లో. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గృహహింస నుంచి బయటపడ్డ ఆడవాళ్ళకోసం ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు వేసే కరపత్రం లాంటిదాన్ని తెలుగులో పెట్టగలవా అని స్నేహితురాలు ఒకావిడ అడిగారు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, భాషాశాస్త్రం చదవలేదు. అయినా ఓ పేజీ తెలుగు రాయలేనా అనుకుని కూర్చున్నాను. ‘రెఫ్యూజ్’ అనే మాట దగ్గర కలం ఆగింది. కొట్టే మనిషికి తెలియకుండా ఓ ఆడది పిల్లల్ని తీసుకుని వెళ్ళి ఉండగల ఇల్లు అది. చిరునామా బయటికి చెప్పరు. దానికి తెలుగులో ఏమనాలి?

ముందు పత్రికల భాష చూశాను. రహస్య స్థావరం అని రాస్తారు. స్థావరం అంటే కదలనిది. ఆస్తుల లెక్క రాసేటప్పుడు స్థావర జంగమాలు అంటాం కదా, అందులోని స్థావరం. రాత్రికి రాత్రి చోటు మార్చుకోవాల్సిన మనిషి ఉండే చోటుకి కదలనిది అని పేరు పెట్టడంలో కాస్త వెటకారం ఉంది. అదలా ఉంచండి. వాడుకలో ఆ మాటకి పక్కనున్న మాటలేమిటో చూడండి. పేకాట స్థావరం. నాటుసారా స్థావరాలపై దాడులు. ఉగ్రవాదుల స్థావరం. ఇంత సహవాసం చేసిన మాటని తీసుకొచ్చి, చంకలో పిల్లాణ్ణి వేసుకుని వచ్చిన తల్లికి ఎలా అంటగడతాం?

అజ్ఞాతం అనే మాట ఇంకో మెట్టు పైన ఉంటుంది. దానికి భారతం ఇచ్చిన గౌరవం ఉంది. పన్నెండేళ్ళు అడవి, ఒక ఏడు అజ్ఞాతవాసం. ఆ ఏడాదిలో గుర్తుపట్టారంటే మళ్ళీ మొదటికి. పాండవులు ఆయుధాల్ని జమ్మిచెట్టు మీద దాచి విరాటుడి కొలువులో చేరారు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వంటలవాడు వలలుడు, అర్జునుడు బృహన్నల. ఇప్పటికీ దసరానాడు జమ్మిచెట్టుకి పూజ చేసి ఆ ఆకుని పెద్దల చేతిలో పెడతాం. ఒక రహస్యాన్ని ఏడాదిపాటు కాపాడిన చెట్టుకి మనం చేసే మర్యాద అది. ఆ తర్వాత కాలంలో విప్లవోద్యమాల్లో ‘అజ్ఞాతంలోకి వెళ్ళడం’ అనే నుడికారం పుట్టింది. ఇప్పుడు అరెస్టు వారెంటు వచ్చిన రాజకీయ నాయకుడు బెయిలు దొరికేదాకా ఫోను ఆపేసినా పత్రికలు అజ్ఞాతంలోకి వెళ్ళాడనే రాస్తున్నాయి. మాటలకీ రోజులు మారతాయి.

కాని విరాటపర్వంలో నన్ను ఎప్పుడూ ఆపేది ఇంకో సంగతి. అయిదుగురు మగవాళ్ళకీ ఆ కొలువు ఆశ్రయం అయింది. ద్రౌపదికి కాలేదు. సైరంధ్రిగా రాణి కొలువులో ఉన్న ఆమె వెంట కీచకుడు పడ్డాడు. నిండుసభలో తన్నినా భర్తలు గొంతెత్తలేదు, ఎత్తితే గుట్టు బయటపడుతుంది. అందరినీ కాపాడుతున్న ఆ రహస్యమే ఆమె నోరు నొక్కింది. దాక్కునే చోటు అందరికీ ఒకేలా పనిచెయ్యదు. రహస్యం ఎవరికోసం, దాని బరువు ఎవరి మీద అనే ప్రశ్న అక్కడే మొదలైంది.

కమ్యూనిస్టుల డెన్ల దగ్గరికి వద్దాం. తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా సాగింది. ఆ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటల్ని స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ పేరుతో పుస్తకంగా తెచ్చింది. కొండపల్లి కోటేశ్వరమ్మగారు (1918–2018) తన ఆత్మకథ ‘నిర్జన వారధి’ని 2012లో, తొంభై దాటాక వెలువరించారు. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి రహస్య జీవితంలోకి వెళ్ళిన మనిషి ఆవిడ. ఈ పుస్తకాలు చదివితే డెన్ అనేది ఒక చోటు కాదని, ఒక పని అని అర్థమవుతుంది. ఎవరో ఒకరు దాన్ని పొద్దుటినుంచి రాత్రిదాకా నడపాలి. ఇద్దరున్న ఇంట్లో నలుగురికి సరిపడా బియ్యం కొంటే కొట్టువాడికి అనుమానం. అన్నీ తీగ మీద ఆరేస్తే పక్కింటావిడ పంచెలు లెక్కపెడుతుంది. ఎవరొచ్చినా ఒకే కథ చెప్పాలి. నాయకుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ అన్నం వండి ఆ కథలు చెప్పినవాళ్ళ పేర్లు చాలావరకు లేవు.

ఒక రహస్య ఆశ్రయాన్ని గోడలు కాపాడవు. దాన్ని కనిపెట్టుకుని ఉన్న మనుషుల నోరు కాపాడుతుంది. మన మాటలన్నీ దాక్కునేవాణ్ణి చూసి పుట్టాయి. కాపాడేవాళ్ళని చూసి పుట్టిన మాటేదైనా ఉందా?

ఐర్లండులో ఉంది. ఐరిష్ భాషలో త్యారమన్ అని ఒక పాత మాట. లాటిన్‌లో సరిహద్దు అనే అర్థమున్న మాటనుంచి వచ్చింది. మధ్యయుగాల్లో మఠాలకి చెందిన భూముల్ని అలా పిలిచేవారు. ఆ హద్దు దాటి లోపలికి వచ్చి శరణన్నవాణ్ణి వెంటాడి పట్టుకోకూడదని కట్టుబాటు. ఇప్పటికీ టెర్మన్‌ఫెకిన్ లాంటి ఊళ్ళ పేర్లలో అది మిగిలి ఉంది. ఇది రహస్యం కాని ఆశ్రయం. అందరికీ తెలిసిన చోటే, అయినా ఎవరూ లోపలికి రాకూడదు. రెండో రకం 1919–21 స్వాతంత్ర్య సమరంలో కనిపిస్తుంది. పరారీలో ఉన్న మనిషిని ‘తన కాపుదలలో ఉన్నాడు’ అనే అర్థం వచ్చేలా చెప్పే నుడికారం ఐరిష్‌లో ఉంది. వాళ్ళకి తిండీ పడకా ఇచ్చిన పల్లెటూరి రైతు ఇళ్ళని సేఫ్ హౌసులన్నారు. 1914లో ఏర్పడిన కుమన్ నా మాన్ అనే మహిళా దళంవాళ్ళు కబుర్లు మోసి, గాయాలకి కట్లు కట్టి, ఆ ఇళ్ళని నడిపారు. తెలంగాణ పల్లెల్లో అయినా ఇక్కడి పల్లెల్లో అయినా పని ఒకటే, చేసిన చేతులూ ఒకలాంటివే.

ఇప్పుడు మా ఊరి సంగతి. పోర్ట్‌లీష్ పేరుకి లీష్ వాళ్ళ కోట అని అర్థం చెబుతారు. 1548లో ఓమోర్, ఓకానర్ వంశాలవాళ్ళని అదుపులో పెట్టడానికి ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ ఓ కోట కట్టారు. దాని గోడలు కొన్ని ఊరి మధ్యలో ఇంకా ఉన్నాయి. 1830లో జైలు వచ్చింది. దేశంలో కట్టుదిట్టమైన కాపలా అంటే ఐరిష్‌వాళ్ళకి మొదట గుర్తొచ్చే జైలు అది. దాని పక్కనే 2000లో మిడ్‌లాండ్స్ జైలు తెరిచారు. అందుకే పోర్ట్‌లీష్‌లో ఉంటానంటే ‘ఎన్నేళ్ళు పడింది?’ అని ఇక్కడివాళ్ళు హాస్యమాడతారు. కోట ఉన్న ఊరు, రెండు జైళ్ళున్న ఊరు. మనుషుల్ని లోపల పెట్టి కాపలా కాయడంలో దాదాపు అయిదు వందల ఏళ్ళ అనుభవం ఉన్న ఊరు.

పిల్లల, కుటుంబాల సంక్షేమం చూసే తుస్లా అనే ప్రభుత్వ సంస్థ 2022లో దేశంలోని రెఫ్యూజులన్నిటినీ లెక్కవేసి నివేదిక ఇచ్చింది. గృహహింస బాధితులకి ఒక్క రెఫ్యూజు కూడా లేని కౌంటీలు అప్పటికి తొమ్మిది. వాటిలో లీష్ ఒకటి. యూరప్ మండలి ప్రమాణం ప్రకారం ప్రతి పదివేల జనాభాకి ఒక కుటుంబానికి చోటుండాలి. 2022 జనాభా లెక్కల్లో లీష్ కౌంటీ జనాభా సుమారు 92 వేలు. అంటే తొమ్మిది కుటుంబాలకి చోటుండాల్సిన కౌంటీలో ఆనాడు సున్నా. ఊళ్ళో లీష్ డొమెస్టిక్ అబ్యూస్ సర్వీస్ అనే సంస్థ ఉంది. మాట సాయం, కోర్టుకి తోడు వెళ్ళడం లాంటివి చేస్తారు. కాని అప్పట్లో ఆ రాత్రికి పడుకోవడానికి రెఫ్యూజులో చోటు కావాలంటే వేరే కౌంటీకి వెళ్ళాల్సి వచ్చేది. ఆ ఏడే ప్రభుత్వం దేశం మొత్తం మీద రెఫ్యూజు గదుల్ని రెట్టింపు చేయాలని నిర్ణయించింది. ఈ పనంతా చూడడానికి 2024 జనవరి 1న ఒక కొత్త సంస్థ ఏర్పడింది. దాని పేరు కువన్. ఐరిష్‌లో ఆ మాటకి ఓడలు గాలివాన నుంచి తప్పుకుని నిలబడే రేవు అని అర్థం. ప్రభుత్వ సంస్థకి పేరు పెట్టేటప్పుడు నిఘంటువు తెరిచినవాళ్ళెవరో వాళ్ళకి నా నమస్కారం.

రెఫ్యూజు ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామంది దాన్ని ఆస్పత్రి వార్డులాగానో సత్రంలాగానో ఊహించుకుంటారు. ఆధునిక రూపంలో మొదటిది 1971లో లండన్‌లోని చిజిక్‌లో ఎరిన్ పిట్సీ మొదలుపెట్టారు. ఐర్లండులో 1974లో విమెన్స్ ఎయిడ్ సంస్థ డబ్లిన్‌లో మొదలైంది. మామూలుగా తల్లికీ పిల్లలకీ కలిపి ఒక గది గానీ చిన్న వాటా గానీ ఇస్తారు. తలుపుకి తాళం ఉంటుంది, తాళంచెవి ఆమె చేతిలో ఉంటుంది. పిల్లల్ని చూసేవాళ్ళు, కోర్టు కాగితాలకి సాయం చేసేవాళ్ళు ఉంటారు. లోపలున్నవాళ్ళు చిరునామా బయట చెప్పకూడదన్నది నియమం, పుట్టింటివాళ్ళకి కూడా. వినడానికి కఠినంగా ఉంటుంది. అయితే హింస చేసే మనిషి చేయి దాటి భార్య వెళ్ళిపోయిన మొదటి రోజులే ఆమెకి ఎక్కువ ప్రమాదమని ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ చెబుతారు. అప్పటిదాకా చేతిలో ఉన్న అధికారం జారిపోయిందని అతనికి తెలిసేది అప్పుడే.

మన సంప్రదాయంలో దీనికి సాటిది ఏదంటే పుట్టిల్లు. ‘పుట్టింటికి వెళ్ళిపోయింది’ అనే ఒక్క వాక్యంలో ఒక వ్యవస్థ ఉంది. నలుగురికీ తెలుస్తుంది, పెద్దలు కూర్చుంటారు, సర్దిచెబుతారు. అది ఎప్పుడూ న్యాయంగా జరిగిందని నేననను. కాని ఒక తలుపు ఉండేది. పోర్ట్‌లీష్ నుంచి పుట్టిల్లు ఎనిమిది వేల కిలోమీటర్లు. పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉందో, వీసా ఎవరి ఉద్యోగం మీద ఆధారపడి ఉందో, టిక్కెట్టుకి డబ్బులు ఎవరి ఖాతాలో ఉన్నాయో అన్నదాన్నిబట్టి ఆ దూరం ఇంకా పెరుగుతుంది. ‘నువ్వు వెళ్ళిపోతే నీ వీసా పోతుంది’ అనే ఒక్క మాట చాలు, గడప దాటకుండా ఆపడానికి. ఆ మాట నిజం కాదు. భర్త మీద ఆధారపడిన అనుమతితో ఐర్లండులో ఉన్నవాళ్ళు గృహహింసకి గురైతే, సొంతంగా ఉండడానికి విడిగా అనుమతి అడగవచ్చని ఇక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. 2018 నాటి గృహహింస చట్టం, అమల్లోకి వచ్చింది 2019 జనవరి 1న, కొట్టకపోయినా మనిషిని అడుగడుగునా కట్టడి చేసి భయంలో ఉంచడాన్ని నేరంగా చూస్తుంది. విమెన్స్ ఎయిడ్ హెల్ప్‌లైను 1800 341 900 పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, దుభాషి సాయం కూడా అడగవచ్చు. ప్రాణాపాయం అనిపిస్తే 999 లేదా 112.

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతి. ఒకప్పుడు డెన్ జాడ చెప్పేది తీగ మీద పంచెలు. ఇప్పుడు జాడ చెప్పేది ఫోను. దాని తరవాత ఎయిర్‌కోడ్. మన పిన్‌కోడ్ ఆరంకెలది, 1972లో వచ్చింది, ఒక పేటనో కొన్ని ఊళ్ళనో కలిపి చెబుతుంది. 2015లో వచ్చిన ఐర్లండు ఎయిర్‌కోడ్ అలా కాదు. ఏడక్షరాలు, ప్రతి ఇంటికీ విడిగా ఒకటి. పోర్ట్‌లీష్‌వి ఆర్32తో మొదలవుతాయి. మిగిలిన నాలుగక్షరాలూ తెలిస్తే తలుపు ముందు నిలబడవచ్చు. కొరియర్‌వాళ్ళకి వరం. దాక్కున్న మనిషికి గండం. భర్తతో కలిపి వాడే ఖాతానుంచి పిల్లాడికి ఒక జత బూట్లు తెప్పించుకుంటే చాలు, ఆ ఏడక్షరాలూ ఆ ఖాతాలో పడి ఉంటాయి.

మిగతావి కూడా వరసగా చెప్తాను. పెళ్ళయిన కొత్తలో ముచ్చటగా మొదలుపెట్టిన లొకేషన్ షేరింగ్ ఏళ్ళ తరబడి అలాగే నడుస్తూ ఉంటుంది. ఫోను పోతే వెతుక్కోవడానికి పెట్టుకున్న సదుపాయం మనిషిని వెతకడానికీ పనికొస్తుంది. ఉమ్మడి బ్యాంకు కార్డు ఏ ఊరి దుకాణంలో గీశారో ఆ క్షణమే అవతలి ఫోనులో చెబుతుంది. పిల్లల ట్యాబ్లెట్ తండ్రి ఖాతాతో తెరిచి ఉంటుంది, దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. ఫోటోలో తీసిన చోటు అంకెల రూపంలో దాగి ఉండవచ్చు. 2021లో ఆపిల్ కంపెనీ తెచ్చిన ఎయిర్‌ట్యాగ్ అనే బిళ్ళ సంచీ అడుగున పడితే కనపడదు. తెలియని బిళ్ళ ఏదైనా వెంట వస్తూంటే ఏ కంపెనీ ఫోనయినా హెచ్చరించేలా ఆపిల్, గూగుల్ కలిసి 2024లో ఏర్పాటు చేశాయి. కాని ఆ హెచ్చరిక ఇంగ్లీషులో రావచ్చు, రాత్రిపూట రావచ్చు, కంగారులో తోసేస్తాం.

అయితే ఇవన్నీ చదివి వెంటనే అన్నీ ఆపెయ్యమని ఎవరికీ చెప్పకండి. ఒకే ఇంట్లో ఉండగా ఒక్కసారిగా జాడలన్నీ మాయమైతే అదే ఒక సమాచారం, ‘ఈమె వెళ్ళబోతోంది’ అని. ముందు వేరే ఫోనునుంచి, స్నేహితురాలిదో ఆఫీసుదో, హెల్ప్‌లైనుకి మాట్లాడాలి. ఏది ఎప్పుడు ఆపాలో వాళ్ళతో కలిసి వరస వేసుకోవాలి. కొత్త ఈమెయిలు, కొత్త సిమ్ము, వీలైతే కొత్త ఫోను. తలుపు తీసేముందు ఏ కిటికీలు మూయాలో చూసుకోవడం లాంటిది ఇది.

మా రంగంలో ఒక సూత్రం ఉంది. ఎవరి పనికి ఎంత సమాచారం అవసరమో వాళ్ళకి అంతే ఇవ్వాలి, గుమ్మడికాయంత నమ్మకం ఉన్నా ఆవగింజంత కూడా ఎక్కువ ఇవ్వకూడదు. డెన్లు నడిపినవాళ్ళకి ఇది కంప్యూటర్లు రాకముందే తెలుసు. కబురు మోసేవాడికి తరవాతి మనిషి తప్ప ఆ తరవాతి మనిషి తెలియదు. ‘చెల్లెలి లాంటిది, నాతో చెప్పకూడదా’ అని మనం నొచ్చుకుంటాం. చెప్పకపోవడం అపనమ్మకం కాదు. మనకి తెలియకపోతే మన నోటినుంచి జారదు, మనల్ని నిలదీసినా అబద్ధం చెప్పాల్సిన అవసరం రాదు.

ఇంకో సూత్రం కూడా ఉంది, 1883లో కెర్కాఫ్స్ చెప్పింది. గూఢలిపి పద్ధతి శత్రువుకి తెలిసిపోయినా తట్టుకోవాలి, రహస్యంగా ఉంచాల్సింది తాళంచెవి ఒక్కటే అని. ఆశ్రయానికీ ఇది వర్తిస్తుంది. చిరునామా దాచడం ఒక్కదానిమీదే ఆధారపడితే, అది తెలిసిన రోజున అంతా పోతుంది. పైగా రహస్యానికి ఖరీదుంది. పిల్లలు బడి మారాలి, తల్లి ఉద్యోగం వదలాల్సి రావచ్చు, పండక్కి ఎవరినీ పిలవకూడదు. తప్పు చేసినవాడు సొంత మంచం మీద పడుకుంటే, చెయ్యనివాళ్ళు అజ్ఞాతవాసం చేస్తారు. అందుకే నెదర్లాండ్స్‌లో చిరునామా దాచకుండా గట్టి కాపలాతో నడిపే ఇళ్ళు కూడా మొదలుపెట్టారు. ఐర్లండు చట్టంలో బారింగ్ ఆర్డర్ అని ఒకటి ఉంది. జిల్లా కోర్టు దాన్ని ఇస్తే ఇల్లు వదలాల్సింది ఆమె కాదు, అతను. ఆమె ఇంటినే హద్దు రాయి పాతిన త్యారమన్‌గా మార్చే కాగితం అది. అన్నిసార్లూ అది చాలదు, అందుకే రెఫ్యూజు కావాలి. కాని రెఫ్యూజు దారిలో మజిలీ. చేరాల్సింది మళ్ళీ ఒక ఇంటికే.

ఇంతకీ పేరు సంగతి. శరణాలయం అనే మంచి మాట మనకి ఉంది. దాని ముందు ‘అనాథ’ అని చేరి అంటుకుపోవడంతో చదువుకున్న ఆడవాళ్ళు ఆ మాట వినగానే వెనక్కి తగ్గుతారు. నిజానికి ఆ మాటకి మన దేశంలో గొప్ప చరిత్ర ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు. వధువు గౌరమ్మని రహస్యంగా ఊరికి రప్పించి కాపాడవలసి వచ్చింది. వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారే వండారు, ఆవిడే గోదావరినుంచి నీళ్ళు మోశారు. తరవాత వాళ్ళు వితంతు శరణాలయం కూడా నడిపారు. బిందె పట్టుకుని గోదావరికి నడిచిన ఆ ఇల్లాలు కూడా ఒక డెన్ నడిపిన మనిషే, పేరు వేరు.

అమరకోశం శరణమనే మాటకి రెండర్థాలు చెబుతుంది. ఒకటి ఇల్లు. రెండు కాపాడే మనిషి. నేను వెతుకుతున్న మాట ఇదేననిపించింది. దాక్కునేవాళ్ళ భయం దీనిలో లేదు, కాపాడేవాళ్ళ బాధ్యత ఉంది. కాపాడే మనిషి లేకపోతే ఇల్లు శరణం కాదు, నాలుగు గోడలు. కరపత్రాలకీ సభలకీ ‘శరణాలయం’ అందాం, ‘అనాథ’ని తీసేసి. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడేటప్పుడు మాత్రం ‘తలదాచుకునే చోటు ఒకటుంది, తాళం నీ చేతికే ఇస్తారు’ అంటే చాలు. తలదాచుకోవడంలో దాచడం ఉంది, కాని సిగ్గు లేదు. అద్దె ఇల్లు వెతుక్కునేవాడు కూడా తలదాచుకోవడానికింత చోటు అనే అడుగుతాడు.

మాట కుదిరాక మిగిలేది మన పని. ఇక్కడ మన కుటుంబాలు తక్కువ, ఫోన్లు ఎక్కువ. ‘ఫలానా ఆయన భార్య, పిల్లలు రెండు రోజులుగా కనపడటం లేదు, ఎవరికైనా తెలిస్తే చెప్పండి’ అని ఫోటోతో సహా ఒక సందేశం వస్తుంది. జాలిపడి పదిమందికి పంపుతాం. ఆ ఫోటోలోని మనిషి నిజంగానే తప్పిపోయిందా, తప్పించుకుందా? మనకి తెలియదు. పోలీసులకి తెలుసుకునే దారులున్నాయి. నిజంగా ఆందోళనగా ఉంటే మనం చెప్పాల్సింది గార్డా స్టేషన్‌లో, భర్తకి కాదు. మాల్‌లో చూశానని, ఫలానా బడి దగ్గర చూశానని ఎవరికీ చెప్పనక్కరలేదు.

ఇంటి గుట్టు లంకకి చేటు అంటాం. ఆ సామెతని అడ్డం పెట్టుకుని మనం ఎన్నో ఏళ్ళుగా ఒకరకం గుట్టు కాపాడుతూ వచ్చాం. గోడవతల ఏడుపు వినిపించినా వాళ్ళింటి విషయం అనుకున్నాం. గుట్టు కాపాడడం మనకి ఎవరూ నేర్పక్కరలేదు, బాగా వచ్చిన విద్యే. కొట్టే చేతి గుట్టు కాపాడిన నోటితోనే, ఇక దెబ్బలు తిన్నవాళ్ళ చిరునామా కాపాడవచ్చు. జమ్మిచెట్టు ఏడాదిపాటు చేసింది ఆ పనే.